గంట కొట్టని బడి

దసరా సెలవులయ్యాక స్కూలుకి తిరిగొచ్చిన రోజు స్టాఫ్ రూములో అందరూ ముందుగా అడిగింది సముద్రం చూశావా అని. మా కదిరి వైపు వాళ్ళకి కోస్తా అంటే సముద్రమూ కాలవలూ చేపలూను. సముద్రం చూశాను, చేపలూ మోశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. నేను వెళ్ళింది మాత్రం ఒక బడి చూడడానికి. అక్కడ గంట కొట్టరు, హాజరు వేయరు, పరీక్షలు పెట్టరు, హెడ్మాస్టరంటూ ఎవరూ లేరు. ఏళ్ళ తరబడి సోషల్ పాఠాలు చెప్పుకుంటున్న నాకు అలాంటి బడి ఒకటి నడుస్తోందంటే నమ్మకం కుదరలేదు.

ఆ బడి సంగతి నాకు తెలిసింది రత్నంగారి పత్రిక ద్వారా. తెనాలి నుంచి పదిహేను రోజులకోసారి వచ్చే నాలుగు పేజీల పత్రిక అది. రాసేది ఆయనే, ప్రూఫులు దిద్దేది ఆయనే, పోస్టులో వేసేదీ ఆయనే. తాను అరాజకవాదినని చెప్పుకుంటారు. ఆ మాట వినగానే మా హెడ్మాస్టరుగారు ‘బాంబులాయనా?’ అన్నారు. రత్నంగారి దగ్గర బాంబులేమీ లేవు. ఒక మనిషి మీద ఇంకో మనిషి పెత్తనం ఉండకూడదనడమే ఆయన వాదం, ఆ పెత్తనం సర్కారుదైనా, మతానిదైనా, బడిలో పంతులుదైనా సరే. బడి మనకు లొంగడం నేర్పుతుందనీ, సర్టిఫికెట్ ఆ లొంగుబాటుకి ఇచ్చే రసీదనీ రాస్తారు. పేదపిల్లలకి సర్టిఫికెట్లు పంచితే కొందరు కింది మెట్టు నుంచి పై మెట్టు ఎక్కుతారు గానీ మెట్లు ఎక్కడివక్కడే ఉంటాయంటారు. మెట్లే వద్దనేది ఆయన పట్టుదల.

ఆ రాతల మీద నేను కొన్నాళ్ళు మెచ్చుకుంటూ, కొన్నాళ్ళు పోట్లాడుతూ కార్డులు రాశాను. చివరికి ‘వచ్చి చూసి తిట్టండి’ అని ఆయన జవాబు రాశారు. అందుకే తొంభై మూడు దసరా సెలవుల్లో సంచీ సర్దుకుని బయల్దేరాను.

తెనాలి

తెనాలిలో దిగేసరికి పొద్దున టిఫిన్ల వేళ. స్టేషన్ బయట హోటల్లో ఇడ్లీ అడిగితే దాని మీద కారప్పొడి చల్లి, నెయ్యి పోసి, అడక్కుండానే ఇంకో గరిటె చట్నీ వేశాడు. మా ఊళ్ళో ఉగ్గానీ బజ్జీ తిని పెరిగిన నోటికి ఆ నెయ్యి కాస్త ఎక్కువే అనిపించింది, అయినా ప్లేటు ఖాళీ చేశాను. కాఫీతో కలిపి కూడా మా కదిరి బస్టాండు కంటే తక్కువే అయింది. ఊరి మధ్యలోంచి కాలవలు పోతుంటే ఆడవాళ్ళు మెట్ల మీద బట్టలు ఉతుకుతున్నారు. బోరుబావి దగ్గర బిందెలు వరసగా పెట్టి గంటలు గంటలు కూర్చునే ఊరి నుంచి వచ్చిన నాకు అంత నీళ్ళు ఎవరూ పట్టించుకోకుండా పోతుంటే చూడడమే కష్టమైంది. కుళ్ళు అనుకోండి, ఒప్పుకుంటాను.

రిక్షా అతనికి ప్రెస్సు గుర్తులు చెబితే, ‘దేవుడు లేడనే ఆయన ప్రెస్సేనా అండీ?’ అన్నాడు. పత్రికతో తిండి గడవదు గనక రత్నంగారు శుభలేఖలు, కరపత్రాలు కూడా వేస్తారట. తన కూతురి పెళ్ళి శుభలేఖలు అక్కడే వేయించానన్నాడు. పైన వినాయకుడి బొమ్మ వేయనంటే, బొమ్మలు వేరే చోట వేయించుకొచ్చి ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కోదానికీ అతికించారట. మరి ఆయన దగ్గరికే ఎందుకు వెళ్ళావంటే, ‘అక్షరం ముద్దుగా పడుద్దండి’ అన్నాడు.

కాలవ పక్క సందులో ట్రెడిల్ మెషీను చప్పుడు వినిపించింది. రత్నంగారికి డెబ్బై అయిదు దాటాయి. పొడుగాటి మనిషి, చొక్కా చేతుల మీద సిరా మరకలు, మోకాళ్ళు వాచి ఉన్నాయి. లేవబోయి, లేవలేక, స్టూలు చూపించారు. మజ్జిగ తెప్పించారు. మామూలు పలకరింపులేవీ లేకుండా సరాసరి విషయంలోకి వచ్చారు.

ఆ బడి సముద్రం వైపు, అడవులదీవి దాటాక ఒక చిన్న పల్లెలో ఉంది. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత బియ్యం, బట్టలు పంచడానికి వెళ్ళిన రత్నంగారు అక్కడే కొన్నాళ్ళు ఉండిపోయి, తాటాకు పాక వేయించి మొదలుపెట్టారు. ఉప్పెనలో భర్తను పోగొట్టుకున్న మార్తమ్మ అనే అమ్మాయి ఆ పాకలోనే అక్షరాలు దిద్దింది. ఇప్పుడు బడి నడిపేది ఆమె. పరీక్షల కోసం అక్కడ పాఠం చెప్పకూడదని మొదట్లోనే అందరూ కలిసి కట్టుబాటు పెట్టుకున్నారు. ఇన్నేళ్ళకి ఒక పిల్ల దాన్ని మార్చమంటోంది. పేరు కరుణ. గుంటూరులో నర్సు ట్రైనింగుకి వెళ్తుందట. దానికి పదో తరగతి పాసవ్వాలి. ప్రైవేటుగా కట్టి రాస్తానంటోంది, మార్తమ్మ చదివిస్తానంటోంది. ఫీజు కట్టే గడువు దగ్గర పడింది. వచ్చే ఆదివారం అందరూ కూర్చుని తేల్చుకుంటారు.

‘మీరేమంటారు?’ అని అడిగాను.

‘ఒప్పుకోనమ్మా. ఒక్కసారి తలుపు తీస్తే వచ్చే ఏడు అది ట్యూషన్ సెంటరు అవుద్ది’ అన్నారు. మళ్ళీ ఆయనే, ‘మీరు ముందు సూర్యలంక వెళ్ళండి. అలివి వల లాగడం చూడండి. నేను చెప్పేదంతా అక్కడ కనపడుద్ది’ అన్నారు.

చుండూరు మీదుగా

బాపట్ల వెళ్ళే ప్యాసింజరులో కాలు పెట్టడానికి చోటు లేదు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నా ఊరు, ఉద్యోగం, పిల్లలెందరు అన్నీ కనుక్కుని, జామకాయ కోసి ఉప్పూ కారం అద్ది ఇచ్చింది. చుండూరు స్టేషన్లో బండి ఆగింది. పెట్టెలో మాటలు కూడా ఆగాయి. రెండేళ్ళ కిందటే ఈ ఊళ్ళో దళితుల్ని నరికి చంపారు. ఆ వార్త మా స్కూల్లో పేపరు చదివి వినిపించినప్పుడు పదో తరగతి పిల్లలు ఎందుకు అని అడిగితే నేను సరిగ్గా చెప్పలేకపోయాను. చదువుకున్న పిల్లలు తలెత్తి నడవడం కొందరికి కంటగింపయిందని పేపర్లు రాశాయి.

కిటికీలోంచి చూస్తే పచ్చటి వరి, గట్ల మీద కూలీలు, స్టేషన్ గోడ. చూడడానికి ఏ ఊరైనా అలాగే ఉంటుంది. పెద్దావిడ ఒక్క మాటే అంది, ‘పిల్లలమ్మా, పిల్లలు’ అని. బండి కదిలింది. నాకు ఏడుపొచ్చింది, జామకాయ చేతిలోనే ఉండిపోయింది.

బాపట్ల, సూర్యలంక

బాపట్లలో లాడ్జి గది చిన్నది, దోమలు పెద్దవి. అంతకంటే దాని గురించి రాయడానికేమీ లేదు. మర్నాడు తెల్లవారే బస్సెక్కి సూర్యలంక వెళ్ళాను.

అలివి వలను పడవ మీద సముద్రంలోకి తీసుకెళ్ళి వంపుగా పరుస్తారు. రెండు కొసల తాళ్ళు ఒడ్డున ఉంటాయి. ఒక్కో తాడు పట్టుకుని ఊరు ఊరంతా వెనక్కి నడుస్తూ లాగుతుంది. పాట మొదలుపెట్టేది ఎవరో, అడుగు వేయమనేది ఎవరో నాకు తెలియలేదు. ముసలివాళ్ళు, కుర్రాళ్ళు, తడిచీర దోపుకున్న ఆడవాళ్ళు అందరూ ఒకే వరస. గుంటూరు నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను. తాడు బరువెంతుంటుందో చూద్దామని రెండు చేతులతో పట్టుకున్నాను. వెనకున్నామె నవ్వి, కాస్త పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. మధ్యలో వదిలేస్తే బాగుండదని వల ఒడ్డుకొచ్చేదాకా నేనూ లాగాను. అరచేతులు మండిపోయాయి.

ఆ తర్వాత జరిగింది వింత. చేపలు కుప్పలు పోసి పంచుతూ ఒక పెద్దాయన నా ముందు కూడా ఒక చిన్న కుప్ప పోశాడు. నాకొద్దు బాబూ, ఊరికే పట్టుకున్నాను అంటే ఎవరూ వినలేదు.

‘తాడు పట్టినోళ్ళకి వాటా ఉంటదమ్మా. వద్దనకూడదు, రేపు వల ఖాళీగా వస్తది’ అంది నా వెనకున్నామె.

రత్నంగారు చూడమన్నది ఇదే. నువ్వెవరు, నీ కులమేంటి, ఏం చదివావు అని ఎవరూ అడగలేదు, చెయ్యి వేశాను గనక వాటా వచ్చింది. అయితే ఆయన రాయని సంగతి ఒకటి పక్కనే కనపడింది. అన్నిటికంటే పెద్ద కుప్ప విడిగా ఉంది. అదెవరిదంటే, ‘వల ఉన్నాయనది’ అన్నారు. ఆయన తాడు దగ్గరికే రాలేదు, చెప్పులేసుకుని దూరంగా నిలబడి ఉన్నాడు.

రేపల్లె బస్సు

వాటా కింద వచ్చిన చేపలు పెట్టుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. సంచీలో బట్టలు కాక ఉన్నది రత్నంగారి పత్రిక కొత్త సంచిక ఒక్కటే. ‘చదువూ సంకెళ్ళూ’ అనే వ్యాసంలో చేపలు చుట్టి, లాడ్జి అతను ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో వేసుకుని రేపల్లె బస్సెక్కాను. ఊరు దాటకముందే బస్సంతా ముక్కులు ఎగబీల్చడం మొదలైంది. కండక్టరు నన్ను మర్యాదగానే వెనక సీటుకి పంపాడు. అక్కడ ఒకాయన చేపలు విప్పి చూసి, ఇవి ఈ పూటే వండాలి, చింతకాయ వేసి పులుసు పెడితే బాగుంటుంది అని తీరు చెప్పాడు. దారి పొడుగునా వరి, కాలవ, తాటిచెట్లు, మళ్ళీ వరి. మా వైపు వేరుశనగ చేలల్లో కనుచూపు మేర మనిషి కనపడడు. ఇక్కడ ప్రతి గట్టు మీదా మనుషులున్నారు, కానీ ఆ పొలాల్లో చాలామటుకు వాళ్ళవి కావు. ఆ సంగతి పక్కనున్నాయనే చెప్పాడు.

రత్నంగారి కబురు అందుకుని, రేపల్లెలో మార్తమ్మ నా కోసం బస్టాండుకి వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. ముందు నా చేతిలో సంచీ వాసన చూసి, ‘ఏంటండి టీచర్‌గారూ, చేపలు తెచ్చారా’ అంది. జరిగింది చెబితే బస్టాండులో నిలబడే పొట్ట పట్టుకుని నవ్వింది.

అడవులదీవి దాటాక

పల్లెలో ఒక పక్క చేపల వేటకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళు, ఇంకో పక్క కూలి పనులకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళు. మధ్యలో సున్నం వేసిన చిన్న చర్చి. దానికి కాస్త అవతల బడి పాక. పులుసు కరుణే పెట్టింది. పదిహేనేళ్ళ పిల్ల, సన్నగా, మాటకి ముందు ఒక క్షణం ఆగే అలవాటు. ఉల్లిపాయలు తరుగుతూ నన్ను మా స్కూల్లో పదో తరగతి లెక్కల పేపరు ఎలా ఇస్తారని అడిగింది. ఆ అడగడంలోనే తెలిసింది, ఆ పిల్ల మనసు అప్పటికే పరీక్ష హాల్లో కూర్చుని ఉందని.

రేపల్లెలో ఎవరి దగ్గరైనా ట్యూషన్ చెప్పించుకోవచ్చుగా అన్నాను. తల్లి నాట్లకి వెళ్తుంది, అంత స్తోమతు లేదు. మరి నువ్వే గుట్టుగా ఇంట్లో చెప్పకూడదా అని మార్తమ్మని అడిగాను. ఆమె ముఖం మారింది.

‘దొంగచాటుగా చెప్పనండి. నాకు అక్షరం వచ్చింది ఆ బడి చాప మీద. అందరూ ఒప్పుకుంటేనే చెబుతాను’ అంది.

ఆదివారం

ప్రార్థన అయ్యాక అందరూ ఉతికిన బట్టలతో బడి దగ్గరికి వచ్చారు. రత్నంగారు పొద్దున తెనాలి నుంచి రైల్లో రేపల్లె వచ్చి, అక్కడి నుంచి ఎవరిదో స్కూటరు మీద చేరారు. ప్రార్థన జరిగినంతసేపూ చర్చి బయట అరుగు మీద కూర్చుని పిల్లలకి పీచుమిఠాయి కొనిపెట్టారు. నేను వెళ్ళి సూర్యలంక సంగతి చెప్పాను. వల ఉన్నాయన పెద్ద కుప్ప గురించి కూడా చెప్పాను. ‘అది నాకు తెలుసమ్మా’ అన్నారు. తెలిస్తే ఎందుకు రాయలేదని అడగబోయి ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

ఆ బడిలో ఏ సంగతైనా తేల్చే పద్ధతి ఒకటుంది. పాక నిండా తుంగచాపలు పరుస్తారు. చాప మీద కూర్చున్నవాళ్ళందరికీ, పిల్లలైనా పెద్దలైనా, నాలాంటి పరాయివాళ్ళైనా, ఒకటే విలువ. ఓట్లు లెక్కపెట్టరు. ఒక్కరు ‘నాకు సమ్మతం కాదు’ అన్నా ఆ సంగతి అక్కడితో ఆగిపోతుంది. ఒప్పుకోలేకపోయినా అడ్డుపడడం ఇష్టం లేనివాళ్ళు చాప దిగిపోవచ్చు. దిగినవాళ్ళు కూటం ముగిసేదాకా మాట్లాడకూడదు, మళ్ళీ చాప ఎక్కకూడదు. చాపలు గోడ దాకా ఉంటాయి గనక దిగడమంటే బయట ఎండలోకి దిగడమే. ఈ పద్ధతి పెట్టింది రత్నంగారే.

మార్తమ్మ కరుణ సంగతి రెండు మాటల్లో చెప్పి, వరసగా ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టింది. ఒక చిన్నవాడు, కరుణక్క పరీక్ష రాస్తే మమ్మల్ని కూడా రాయమంటారా అని అనుమానపడ్డాడు. నీ ఇష్టం అన్నాక సమ్మతం అన్నాడు. వేటకెళ్ళేవాళ్ళు సమ్మతం అన్నారు. కరుణ తల్లి వంతు వచ్చింది. ఆవిడ ఎవరి ముఖమూ చూడకుండా చాప వైపు చూస్తూ మాట్లాడింది.

‘జొరమొచ్చి ఆసుపత్రికెళ్తే నా చెయ్యి ముట్టుకోకుండా మాత్రలు పైనుంచి పడేస్తారండి. అట్టాంటి చోట నా పిల్ల ఉండాలండి. వచ్చినోళ్ళ చెయ్యి పట్టుకుని చూడాలండి.’

తర్వాత నా వంతు వచ్చింది. మాస్టారూ, సర్టిఫికెట్లు వద్దని మీరు రాసింది నేను నెలనెలా జీతం తీసుకుంటూ చదువుకున్నాను, ఆ జీతం నా సర్టిఫికెట్టే తెచ్చింది, నాకు సమ్మతమే అన్నాను. ఆయన తలూపారు.

చివరికి ఆయన మాట్లాడారు. కోపంగా కాదు, అలసటగా. ‘నేను బి.ఏ. పట్టా నలుగురిలో చింపేసినవాణ్ణి. ఆ కాగితంతో మనుషులు మారరని నా అనుభవం. చుండూరులో చదువుకున్న పిల్లలు లేరా? కాగితం ఆ కత్తులకి అడ్డుపడిందా?’

కరుణ ఒక క్షణం ఆగింది.

‘అడ్డుపడదండి మాస్టారూ. కానీ మీరు చింపారంటే మీకుంది. చింపడానికైనా మాకొకటి ఉండాలి కదండీ.’

ఆయన ఆ పిల్ల వైపు తిరిగారు. తర్వాత, ‘నాకు సమ్మతం కాదు’ అన్నారు.

‘సరేనండి. ఆగిందండి’ అంది మార్తమ్మ. ఎవరూ బతిమాలలేదు, ఎవరూ నిష్ఠూరమాడలేదు. తుపాన్లు రాకముందే కప్పుకి కొత్త తాటాకు వేయాలని ఆమె తర్వాతి సంగతి ఎత్తుకుంది. కరుణ చాప కొసన ఊడిన తుంగపోచను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ పిల్ల తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెత్తనం వద్దని జీవితమంతా రాసిన మనిషి ఒక్క మాటతో ఇంతమంది మీద పెత్తనం చేశాడనిపించింది. ఆ ముక్క ఆయన ముఖాన్నే అనేద్దామని నోరు తెరిచాను.

‘తాటాకుల సంగతి కాసేపు ఆపు మార్తమ్మా’ అన్నారు రత్నంగారు. ‘నన్ను ఎవరైనా లేపండి.’

ఇద్దరు వేటగాళ్ళు ఆయన చంకల కింద చేతులు వేసి లేపారు. వంగని మోకాళ్ళతో ఒక్కో అడుగూ వేస్తూ ఆయన చాపల మీదుగా నడిచి, పాక బయటికి వెళ్ళి, ఇసకలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మధ్యాహ్నపు ఎండ నెత్తి మీద పడుతోంది. ఒకామె గొడుగు తీసుకుని లేవబోతే చేత్తో వద్దన్నారు.

అడ్డు చెప్పినాయన చాప దిగిపోవడంతో మార్తమ్మ మళ్ళీ మొదటి నుంచి అందరినీ అడిగింది. అందరూ సమ్మతం అన్నారు. ఆయన కూర్చున్న ఖాళీ చోటు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఒకసారి బయటికి చూసి, పక్కవాళ్ళని అడిగింది. అది అయ్యాక తాటాకు, మంచినీళ్ళ బావి, క్రిస్మస్‌కి పిల్లల పాటలు, ఇంకా చాలా సంగతులు ఉన్నాయి. మామూలుగా వాటికి పొద్దువాలుతుందట. ఆ రోజు మార్తమ్మ ఒక్కోదాన్ని ఒక్కో మాటతో తేల్చేసింది. వాగుడుకాయలైన పిల్లలు కూడా సమ్మతం, సమ్మతం అని గబగబా చెప్పేశారు. అందరి కళ్ళూ బయటే ఉన్నాయి.

కూటం అయిపోయిందని అనగానే కరుణ అందరికంటే ముందు పరిగెత్తింది. ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. చెయ్యి అందిస్తే పట్టుకున్నారు కానీ వెంటనే లేవలేదు.

‘నువ్వు పాసవ్వాలి’ అన్నారు. ‘తప్పావంటే ముసలాడి మాటే నిజమైందంటారు జనం. ఆ గెలుపు నాకొద్దు.’

‘అలాగేనండి’ అంది కరుణ. రెండో చెయ్యి కూడా వేసి ఆయన్ని లేపింది.